నల్లమల అడుగున సముద్రం

నల్లమల రాయి మోసం చేసిందట. 2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయం దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి, ఎనిమిదిమంది లోపల చిక్కుకున్ననాటి నుంచి ఈ మాట ఎన్ని నోళ్ళ విన్నానో లెక్కలేదు. పెద్ద పదవుల్లో ఉన్నవారు మెత్తగా అన్నారు. మా ఊరి రచ్చబండ మీద చుట్ట కాల్చుకుంటున్న పెద్దమనిషి సూటిగా అన్నాడు: “భూమి లోపట ఏమున్నదో ఎవడు చూసిండు సారూ, దేవునికెరుక.” ఆయన అన్నదానికి నాకు అభ్యంతరం లేదు. రాయిని చూడటం ఆయన వృత్తి కాదు. రాయిని చూడటమే వృత్తిగా గలవారు, అందుకు జీతమో గుత్త సొమ్మో పుచ్చుకున్నవారు అదే మాట అంటే మాత్రం ఊరుకోవడం తప్పు. రాయి ఎవరినీ మోసం చేయదు. అడిగినవాడికి చెబుతుంది, అడగనివాడికి చెప్పదు. అంతే.

ప్రమాదం జరిగిన తరువాత సైన్యమూ, జాతీయ విపత్తు దళమూ, సింగరేణి గనుల రక్షకులూ వచ్చారు. వారితోపాటు నౌకాదళపు మెరైన్ కమాండోలు కూడా వచ్చారు. ఉప్పుగాలి ఎరగని అడవికి సముద్రపు సిపాయిలెందుకని కొందరు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. తెలిసి వచ్చారో తెలియక వచ్చారో గాని, వారు సరయిన చోటికే వచ్చారు. అది సముద్రమే.

ఈ మాట అలంకారం కోసం అంటున్నది కాదు. నల్లమల క్వార్ట్‌జైట్ ఒకప్పటి ఇసుక. నూరు కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలంలో, లోతు తక్కువ సముద్రపు అంచున అలలు పరచిన ఇసుక గట్టిపడి, ఉడికి, ఇలా కొండలయింది. ఆ అలల గీతలు నేటికీ బండల మీద చూడవచ్చు. ఏటి ఒడ్డున తడి ఇసుక మీద నీళ్ళు గీసే వంకర గీతలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే ఉంటాయి. ఈ ఇసుకపొరల నడుమ సన్నని షేల్ పొరలు. అంటే అప్పటి బురద. వీటన్నిటికీ అడుగున ఇంకా పాతదైన గ్రానైటు. ఇదేమీ నిన్నా మొన్నా బయటపడ్డ రహస్యం కాదు. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద పెద్ద గ్రంథం వ్రాసింది 1872లో. నల్లమల నైజం గురించి అచ్చులో ఉన్న జ్ఞానం వయస్సు నూట యాభై ఏళ్ళు దాటింది.

క్వార్ట్‌జైట్ ఉక్కులాంటిది, యంత్రపు పళ్ళను అరగదీస్తుంది. అయితే కట్టె ఎంత గట్టిదయితే అంత సూటిగా పగిలినట్టు, ఈ రాయి కూడా భూమి ఒత్తిళ్ళకు నిలువునా పగిలి ఉంది. ఆ పగుళ్ళలోకి వాన నీరు దిగుతుంది. దిగిన నీరు షేల్ పొర మీద ఆగుతుంది, దారి దొరికిన చోట బయటికి వస్తుంది. ఇది తెలుసుకోవడానికి భూగర్భశాస్త్రం కూడా అవసరం లేదు. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం లింగమయ్య జాతరకు వెళ్ళిన పాలమూరు, నల్లగొండ జనంలో ఎవరినడిగినా చెబుతారు. ఊళ్ళో బావులెండి, బోర్లు గాలి కక్కే కాలంలో, ఆ లోయలో కొండ మీదినుంచి నీళ్ళు పడుతూనే ఉంటాయి. అచ్చంపేట దగ్గర ఉమామహేశ్వరంలో బండ సందుల్లోంచి ఏడాది పొడుగునా నీరు కారుతూనే ఉంటుంది. మనం దాన్ని తీర్థమన్నాం, దోసిలి పట్టి తాగాం, తలమీద చల్లుకున్నాం. ఆ నీరు ఎక్కడిదని మాత్రం అడగలేదు. కొండ కడుపులోది. ఆ కడుపులోనే 43.93 కిలోమీటర్ల సొరంగం తలపెట్టాం.

సముద్రం అడుగున సొరంగం తవ్వేవాడి కష్టాలు ఏమిటో ఒకసారి చూద్దాం. తలమీద తరగని నీరు. పైనుంచి బోర్లు దించి ముందున్న రాయిని విరివిగా చూడటానికి వీలుండదు. మధ్యలో పైకి రావడానికి దారి ఉండదు, ప్రమాదం వస్తే ఎంత దూరం పోయాడో అంత దూరమూ వెనక్కు పరుగెత్తవలసిందే. ఇప్పుడు దోమలపెంటకు రండి. కూలిన చోటు సొరంగం నోటినుంచి దాదాపు 14 కిలోమీటర్లు లోపల. పైన సుమారు 400 మీటర్ల కొండ, దానిమీద పులుల అభయారణ్యం. మధ్యలో పక్క సొరంగం గాని, నిలువు బావి గాని ఒక్కటీ లేదు. ఇంకొక చిక్కు కూడా ఉంది, దీన్ని చాలామంది గమనించినట్టు లేదు. ఈ సొరంగం శ్రీశైలం జలాశయం నుంచి నీటిని దాని వాలుమీదే తీసుకుపోవాలి. కాబట్టి జలాశయం వైపునుంచి తవ్వుకుంటూ పోయేవాడు పల్లానికి తవ్వుతాడు. పైకప్పు నుంచి, పక్కల నుంచి ఊరిన నీరంతా వెనక్కు పోదు, అతడి కాళ్ళ దగ్గరికే వస్తుంది. నిమిషానికి వేల లీటర్ల నీటిని మోటార్లు పెట్టి పద్నాలుగు కిలోమీటర్లు వెనక్కు తోడుకుంటూ అక్కడ మనుషులు పనిచేశారు. దీన్ని కొండలో సొరంగం అనుకోవడమే మొదటి తప్పు. ఇది కడలి కింది సొరంగం. కడలి కింద పాటించే నియమాలే ఇక్కడా పాటించి ఉండవలసింది. నా వాదమంతా ఇంతే.

ఆ నియమాలేమిటో తెలియాలంటే జపానుకు పోవాలి. హోన్షూ, హొక్కయిదో దీవుల మధ్య త్సుగారు జలసంధి ఉంది. 1954లో తుఫానుకు తోయామారు అనే ఓడ అక్కడ మునిగి వెయ్యిమందికి పైగా చనిపోయారు. అప్పటికే ఆలోచనలో ఉన్న సొరంగం పని ఆ తరువాత ఊపందుకుంది. 1964లో పరిశోధన కోసం తవ్వకం మొదలుపెడితే, రైలు నడిచింది 1988లో. సైకాన్ సొరంగం పొడవు 53.85 కిలోమీటర్లు, అందులో 23.3 సముద్రం కింద. మొత్తం పొడవులో మన సొరంగం దానికి మరీ అంత తీసిపోదు. అక్కడ కూడా మొదట బోరింగ్ యంత్రాన్ని ప్రయత్నించారు. రాయి అడుగడుగునా మారిపోతూ ఉంటే యంత్రం పనికిరాదని గ్రహించి, దాన్ని పక్కనపెట్టి మందుగుండు పద్ధతికి వచ్చారు. యంత్రం మీద పెట్టిన డబ్బు పోతుందని మొండిపట్టు పట్టలేదు. పెద్ద సొరంగానికి ముందు సన్నటి సొరంగం ఒకటి నడిపించారు. ఆ సన్నటిదానికి ముందు, ఎదుటి రాతిలోకి అడ్డంగా బోరు పంపించారు. అలాంటి బోరు ఒకటి రెండు కిలోమీటర్లకు పైగా పోయింది! బోరులోంచి వచ్చిన రాతి కడ్డీని చూసి, నీటిని కొలిచి, పగుళ్ళున్న చోట సిమెంటు పాలు ఎక్కించి, రాయి బిగిసిన తరువాతనే మనిషిని పంపించారు. ఇంత జాగ్రత్త పడ్డా నాలుగుసార్లు నీళ్ళు ముంచెత్తాయి. 34 మంది ప్రాణాలు పోయాయి. సముద్రంతో వ్యవహారం అలా ఉంటుంది. ఇంగ్లీషు చానెల్ కింద 1994లో తెరిచిన సొరంగంలో కూడా రెండు రైలు దారుల మధ్య సేవల కోసం మూడో సొరంగం ఒకటి ముందుగా నడిచి, వెనకవచ్చే పెద్దవాటికి కబురు చెప్పింది.

మనం చేసిందేమిటి? 2005లో గుత్త ఇచ్చాం. గడువు 60 నెలలు. ఈ అరవై అనే అంకె ఎక్కడినుంచి ఊడిపడిందో గాని, కృష్ణకు ఆవలి గట్టున అదే నల్లమలలో తవ్విన వెలిగొండ సొరంగాల సంగతి చూడండి. ఒక్కొక్కటి 18.8 కిలోమీటర్లు, అంటే మనదానిలో సగం కన్నా తక్కువ. అదే కాలంలో మొదలైన ఆ పనిలో, మొదటి సొరంగం తవ్వకం ముగిసింది 2021 జనవరిలో, రెండోది 2024 జనవరిలో. సగం పొడవుకే పదిహేనేళ్ళు దాటింది. మొత్తానికి అయిదేళ్ళని కాగితం మీద వ్రాసినవాడు రాయిని అడగలేదు. ఎన్నికల పంచాంగాన్ని అడిగాడు.

అసలు కీలకం ఆ గుత్త పద్ధతిలోనే ఉంది. జలయజ్ఞం రోజుల్లో ఈపీసీ అనే మూడక్షరాల మంత్రం మోగిపోయింది. సర్వే చేసేదీ, నక్షా గీసేదీ, తవ్వేదీ ఒకడే, మొత్తానికి ఒకే ధర. పైకి చూస్తే ఎంతో సుఖం. కొంచెం ఆలోచించండి. ముందున్న రాయిని పరీక్షించడానికి ఒక పూట యంత్రం ఆపితే ఆ నష్టం ఎవరిది? తవ్వేవాడిది. సిమెంటు పాలు ఎక్కిస్తూ పదిరోజులు ఆగితే ఎవరిది? వాడిదే. ప్రతి ప్రశ్నకూ తన జేబులోంచే డబ్బు కట్టవలసి వచ్చినవాడు ప్రశ్నలు తగ్గించుకుంటాడు. ఇందులో వాడి దుర్మార్గం వెతకనక్కర లేదు, వడ్డీ లెక్క చాలు. అడగడానికి విడిగా డబ్బు, విడిగా మనిషి, “ఆపు” అని చెప్పగల అధికారం ప్రభుత్వం తన చేతిలో ఉంచుకోవలసింది. ఉంచుకోలేదు.

దానికి తోడు ఆ యంత్రం స్వభావం. డబుల్ షీల్డ్ బోరింగ్ యంత్రమంటే ఒళ్ళంతా ఇనుప కవచం. ముందు చక్రం రాయిని చెక్కుతుంటే, వెనక కాంక్రీటు పలకలు వరుసగా గుండ్రంగా పేర్చుకుంటూ పోతుంది. మనుషులకు రక్షణే, కాదనను. కాని లోపలున్నవాడికి రాయి దాదాపు కనిపించదు. ముందున్నది చక్రం చాటున, వెనకున్నది పలకల చాటున. కాబట్టి ఆ యంత్రానికి ముందుకు పంపే బోరు ఒక్కటే కన్ను. ఆ కన్ను మూసుకుని తోసుకుపోతే గుడ్డివాణ్ణి కత్తుల బోనులో నడిపించినట్టు.

పోనీ, ఎవరూ చెప్పలేదా అంటే అదీ కాదు. 2020లో సొరంగం లోపల భూకంప తరంగాల పద్ధతిలో పరీక్ష జరిగిందనీ, 13.88, 13.91 కిలోమీటర్ల మధ్య రాయి నలిగిన పట్టీ, నీరు ఉండవచ్చునని ఆ నివేదికలో వ్రాశారనీ ప్రమాదం తరువాత పత్రికలు బయటపెట్టాయి. ఆ అంకెలు మరొకసారి చదవండి. కూలింది ఆ చోటనే. అలాంటప్పుడు దేవునికెరుక అనే మాటకు చోటెక్కడ? కాగితానికి ఎరుకే. ఏళ్ళ తరబడి ఆగి ఉన్న పనిని 2025 ఫిబ్రవరిలో మళ్ళీ మొదలుపెట్టిన కొద్ది రోజులకే, ఒక ఉదయం షిఫ్టులో, నీరు ఒక్కసారిగా పెరిగి, కాంక్రీటు పలకలు ఊడి, మట్టీ రాళ్ళూ బురదా తోసుకువచ్చాయి. అంతటి యంత్రం చితికిపోయింది. వెనకనున్నవారు ప్రాణాలతో బయటపడ్డారు. ముందున్న ఎనిమిదిమంది రాలేదు.

రాయిని అడగడం మన ప్రభుత్వాలకు చేతకాదని కూడా నేను నమ్మను. నల్లగొండ జిల్లాలో లంబాపురం, పెద్దగట్టు, చిట్రియాల పేర్లు విన్నారా? అక్కడ శ్రీశైలం క్వార్ట్‌జైట్ గ్రానైటు మీద కూచున్న ఆ అతుకు దగ్గరే యురేనియం దొరుకుతుంది. దానికోసం అణు ఖనిజాల శాఖవారు ఏళ్ళ తరబడి వందల బోర్లు వేశారు. ఆ రెండు రాళ్ళ అతుకు ఏ ఊరి కింద ఎంత లోతున ఉందో పటాలు గీశారు. ఆ వేటలో అమ్రాబాదు అడవికి కూడా వస్తామంటే జనం తిరగబడ్డారు. 2019 సెప్టెంబరులో శాసనసభే వద్దని తీర్మానం చేసింది. యురేనియం తవ్వకాన్ని వ్యతిరేకించినవారిలో నేనూ ఒకణ్ణి, ఇప్పటికీ అదే మాట మీద ఉన్నాను. ఇక్కడ చెప్పవచ్చేదేమంటే, బాంబుకూ కరెంటుకూ పనికివచ్చే సరుకు కోసమైతే ఈ రాతిని అంగుళం అంగుళం ప్రశ్నించే ఓపిక మనకు ఉంది. కూలివాడి తలమీది కప్పు నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి లేదు.

ఇప్పుడు పులి మీద పెట్టిన నేరం. అడవి చట్టాల వల్ల పైనుంచి బోర్లు వేయలేకపోయామనీ, పక్క సొరంగాలు తవ్వలేకపోయామనీ, అంచేతనే ఇంత అయిందనీ ఒక వాదం. వినడానికి సబబుగానే ఉంటుంది. కాని ఆ అడవి 2005 తరువాత మొలిచింది కాదు. నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం 1983 నాటిది. మధ్యలో దిగడానికి వీలులేని చోటు అని తెలిసే గీత గీశారు, తెలిసే గుత్త ఇచ్చారు. పై దారి మూసుకుపోయిందంటే ముందుచూపు ఇంకా ఎక్కువ కావాలి గాని తక్కువ కాదు. త్సుగారు జలసంధి మీద కూడా విరివిగా బోర్లు వేసే వీలు లేదు. అక్కడివారు సముద్రం మీద నేరం మోపలేదు, అడ్డంగా బోరు వేసుకున్నారు. ఇక్కడ చెంచులూ పులులూ ఉన్నారు కాబట్టి దోషి సులువుగా దొరికాడు. ఈ వాదాన్ని ఇప్పుడే తుంచకపోతే, రేపు మిగిలిన పని పేరుతో అడవి నడుమ రోడ్లూ, బావులూ, మట్టి దిబ్బలూ వస్తాయి. ఆ మనుషుల చావును అడ్డం పెట్టుకుని అడవిలోకి దారి తీయడం ఎంతమాత్రం క్షమించరానిది.

ఇంత వ్రాశాక నన్ను నల్లగొండ నీళ్ళకు శత్రువనేవారు తప్పకుండా ఉంటారు. అంటారని తెలిసే, ఈ నాలుగు మాటలు. నల్లగొండ దాహం గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. నీటిలోని ఫ్లోరైడును పటికా సున్నమూ వేసి తీసే పద్ధతిని నాగపూరు పరిశోధనశాలవారు కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టారు. ప్రపంచానికి మా పేరు అలా తెలిసింది, కీర్తి వల్ల కాదు, వంగిన ఎముకల వల్ల. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు నడుం నిలవని మనుషులను చూసి పెరిగినవాణ్ణి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడి బ్యాలెట్టును పుస్తకంగా మార్చారు. జలసాధన సమితి పిలుపున నామినేషన్లు వేసిన మామూలు మనుషులు వాళ్ళు. గెలవడానికి కాదు, నీళ్ళ కోసం. ఆ ఒత్తిడికి దడిసి ప్రభుత్వాలు ఏదో ఒకటి చేయకతప్పలేదు. సాగర్ వెనకజలాల నుంచి పుట్టంగండి దగ్గర నీటిని ఎత్తి అక్కంపల్లికి తేవడం అందులోని మంచి. మిషన్ భగీరథ తరువాత తాగునీటి సంగతి కూడా చాలా మారింది. సొరంగం వస్తే ఎత్తిపోసే కరెంటు ఖర్చు లేకుండా 30 టీఎంసీల నీరు వాలుమీద దిగివస్తుందన్నది నిజమే. ఆ ఆశ నాకూ ఉంది. నా అభ్యంతరం ఆ నీటికి కాదు, ఆ నీటి పేరు చెప్పి ప్రశ్న అడిగినవాడి నోరు మూయించడానికి.

ఇందులో పాలమూరు బిడ్డలు మాట్లాడవలసిన మాట ఇంకొకటుంది. శ్రీశైలం, సాగర్ మొదలు దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా అక్కడ పాలమూరు కూలీ ఉండేవాడు. మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి, పిల్లాజెల్లాతో పోయి, గుడిసెల్లో బతికి, కొందరు అక్కడే మట్టిలో కలిసిపోయారు. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఇప్పుడు పాలమూరు అడవి కింద చిక్కుకుపోయినవారు జార్ఖండు, ఉత్తరప్రదేశ్, పంజాబు, జమ్మూకాశ్మీరుల నుంచి వచ్చినవారు. వలస దిక్కు మారింది గాని వలసకూలీ చావు మారలేదు. తట్ట మోసిన తరం ఇంకా మన ఊళ్ళలో ఉంది కదా, ఈ ఎనిమిదిమంది గురించి మనలో ఎంతమందిమి గొంతెత్తాం? ఇదే లోయలో 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది పోయారు. అప్పుడూ నాలుగురోజుల సంతాపమే.

మార్చి 9న ఒక దేహం దొరికింది, 25న మరొకటి. చివరి కొద్ది మీటర్లు మనిషి అడుగుపెట్టడానికి వీలులేని చోటని నిపుణులు తేల్చారు. గాలింపు నిలిపివేసేనాటికి మిగిలిన ఆరుగురు దొరకనేలేదు. వారి ఇళ్ళలో కర్మ ఏ దేహానికి చేశారో, ఏ తిథి పెట్టుకున్నారో!

2025 నవంబరులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారి సర్వే మొదలైంది. హెలికాప్టరు కింద పెద్ద వలయం వేలాడదీసి, అడవి మీదుగా ఎగురుతూ విద్యుదయస్కాంత పద్ధతిలో కొండ కడుపును చూశారు. ఒక్క చెట్టు కొట్టలేదు, ఒక్క పులిని కదిలించలేదు. పైనుంచి చూడటానికి అడవి అడ్డమన్న వాదం ఆ రోటరు గాలికి ఎగిరిపోయింది. గుత్త ఇచ్చింది 2005లో, ఎగిరింది 2025లో. సంతోషించాలో ఏడవాలో తెలియని స్థితి నాది. ఇంకా తొమ్మిదిన్నర కిలోమీటర్లు మిగిలి ఉంది. ఈసారి మందుగుండుతో తవ్వుతారట. మంచిదే, కనీసం రాయి కళ్ళకు కనిపిస్తుంది.

కనిపిస్తే చాలదు. ఆ సర్వే పటాలను దోమలపెంటలో, మన్నెవారిపల్లెలో, నల్లగొండ కలెక్టరాఫీసులో తెలుగులో గోడకు పెట్టాలి. రాయిని పరీక్షించే మనిషి తవ్వేవాడి జీతగాడు కాకూడదు. అతడు ఆపమన్న రోజులకు గుత్తదారుకు ప్రభుత్వమే కట్టాలి, అప్పుడే ఆపమంటాడు, అప్పుడే ఆపుతారు. ముందుకు పంపిన బోరులో ఆ రోజు ఏం తేలిందో, షిఫ్టుకు దిగే ముందు, కూలీలకు వాళ్ళ భాషలో చదివి వినిపించాలి. విని, నేను లోపలికి పోను అన్నవాడికి ఆ పూట కూలి కోయకూడదు.